వరద చుట్టాలు

ప్రాణహిత నది మీద మేఘం నల్లగా ఉబ్బింది. ఎక్కడో దిగువన, గోదావరి గట్టు మీది కంట్రోల్ రూమ్‌లో డాక్టర్ ఇందుమతి దాన్ని స్క్రీన్ మీద చూసి, "బెలూన్లు వదలండి" అంది. కాసేపటికి ఆ నల్ల ముద్ద నాలుగు పక్కలకీ చెదిరి పల్చబడింది. కుంభవృష్టి కావలసింది కాస్తా మామూలు జల్లులై సర్దుకుంది.

ఈ బెలూన్ల మిషన్ సంగతి కొంచెం చెప్పాలి. మన కథ జరిగేనాటికి గోదావరి బేసిన్‌లో వానల తీరే మారిపోయింది. ఏడాది మొత్తానికి కురిసే వాన ఇంచుమించు పాతలెక్కే. కాకపోతే తాతల కాలంలో సీజనంతా తీరిగ్గా పడిన వాన, ఇప్పుడు ఏ రెండు మూడు రోజుల్లోనో కుమ్మరించి పోతోంది. బిందెడు నీళ్ళు చెంబుతో పోసుకుంటే స్నానం. ఒక్కసారి నెత్తిన దిమ్మరిస్తే ఊపిరాడదు. ఇందుమతి బెలూన్లు ఆ చెంబు పని చేస్తాయి. మేఘంలోకి దూరి సన్నటి ఉప్పుపొడి చల్లుతాయి. దాంతో వాన ఒకేచోట పోగుపడకుండా దారిపొడుగునా కొంచెం కొంచెంగా రాలిపోతుంది. అవి వచ్చాక గోదావరికి వరద లేదు. నది మధ్య లంకల్లో ఒక్క పాక కూడా కొట్టుకుపోలేదు. జనం ఇందుమతికి ఎన్ని శాలువాలు కప్పారంటే, ఆమెకిక జన్మలో చలి బాధ లేదు.

ఆ మధ్యాహ్నం గట్టు కింద ఊరి నుంచి గంగారత్నం అనే పెద్దావిడ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. కుర్చీ వేసినా అంచునే కూర్చుంది.

"అమ్మాయిగారూ, ఈ ఏడు ఒక్కసారి వరద రానిత్తారాండీ? పెద్దది వద్దండి. కొండేటిలంక మునిగేంత చాలండి."

ఇందుమతి బిత్తరపోయింది. "అక్కడ జనం ఉంటారు కదా పిన్నిగారూ!"

"ఉంటారండి. ఆళ్ళు మా ఇళ్ళకొచ్చేత్తారండి, ఆయ్."

అది అక్కడి ఆనవాయితీ. లంకకి నీళ్ళొస్తే ఒక్కో కుటుంబం గట్టు కింద ఊళ్ళో తమకు అలవాటైన ఇంటికి పశువులతో సహా వచ్చి చేరేది. వాళ్ళని వరద చుట్టాలంటారు. పిలుపులుండవు, కులగోత్రాలు అడగరు. లంకలోని వెంకాయమ్మ పరికిణీలు కట్టే రోజుల నుంచీ గంగారత్నం ఇంటికే వచ్చేది. ఇద్దరూ ఒకే చాప మీద పడుకుని పెద్దవాళ్ళయ్యారు.

"వరద లేకపోతే మాత్రం ఆవిడ రాకూడదా?" అంది ఇందుమతి.

గంగారత్నం మొహం తిప్పుకుంది. "కడసారి వరదప్పుడు మా ఆవకాయ జాడీలో తడిచెయ్యి పెట్టేసిందండి. జాడీ అంతా బూజెక్కిపోయింది. నేను నోరు జారేను. లంకోళ్ళకి తడీ పొడీ తేడా ఏం తెలుత్తాది అనేసేనండి. వరద తగ్గి నీళ్ళు తియ్యకుండానే పడవెక్కి ఎళ్ళిపోయింది."

"అయితే మీరే వెళ్ళి పిలవండి."

"పిలిత్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టే కదండీ!"

"మరి తప్పు మీదేగా?"

"నాదేనండి." గంగారత్నం కళ్ళు చెమ్మగిల్లాయి. "మాకు పోట్లాటలు కొత్త కాదండి. ఏ ఏటి కోపం ఆ ఏటి వరదతో పోయేది. నీళ్ళొచ్చేక రానని అదనలేదు, రావద్దని నేననలేను. ఇప్పుడు మీ మిషనొచ్చి ఆ దారి మూసేసింది. అది లేకపోతే నాకు ముద్ద దిగట్లేదండి."

వరద తెప్పించడం కుదరదని ఇందుమతి మెల్లగానే చెప్పింది. "నిజవేలెండి, పిచ్చిదాన్ని" అని గంగారత్నం లేచి వెళ్ళిపోయింది. వెళ్తున్న ఆమెను చూస్తుంటే ఇందుమతికి జాలేసింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. లంకలో పడవలు ఒడ్డునే ఎండి బీటలు వారుతున్నాయి. పిల్లలకి ఏ ఇంటికి పరుగెత్తాలో తెలీదు. రేపు ఏ బెలూనో మొరాయిస్తే? ఆ వారమే ఆమె ఉత్తర్వు వేయించింది. ఇకమీదట ఏటా వరద రిహార్సల్ జరుగుతుంది. లంకవాళ్ళు ఎవరి పాత ఇళ్ళకి వాళ్ళు చేరాలి.

రిహార్సల్ రోజున ఎండ పేలిపోతోంది. సైరన్ మోగగానే కొండేటిలంక జనం బిందెలతో, కోళ్ళతో, గేదెలతో నవ్వుకుంటూ పడవలెక్కారు. వెంకాయమ్మ మాత్రం నవ్వలేదు. గేదెని తోలుకుని గంగారత్నం గుమ్మం ముందు బిగుసుకుని నిలబడింది.

"గవర్నమెంటోళ్ళు ఎళ్ళమంటే వచ్చేను."

గంగారత్నం గబగబా మెట్లు దిగి ఆమె చేతిలోని గేదె పలుపుతాడు అందుకుంది.

"నీళ్ళు ఎందాకా వచ్చేయే?"

వెంకాయమ్మ వెనక్కి తిరిగి చూసింది. దూరంగా లంకలో ఇసుక తళతళలాడుతోంది.

"పీకల్దాకా" అంది.

"మరి లోపలికి రావే, తడిసిపోతన్నావ్."

ఆ మండుటెండలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

సాయంత్రం రెండో సైరన్ మోగింది. పడవలన్నీ తిరిగి వెళ్ళిపోయాయి. గంగారత్నం ఇంటి ముందు గేదె ఇంకా నెమరేస్తూనే ఉంది. ఆ దారిన వస్తున్న ఇందుమతి అది చూసి ఆగింది.

"రిహార్సల్ అయిపోయింది పిన్నిగారూ. ఇక ఆవిణ్ణి పంపించవచ్చు."

గంగారత్నం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "లంకలో ఇంకా నీళ్ళు తియ్యలేదండి. ఎలా పంపమంటారు?"

బేసిన్‌లో ఏ మూల ఎంత చినుకు పడిందో చెప్పగల ఇందుమతి, పొడి ఇసుక వైపు చూసింది.

"నిజమేనండి," అంది. "ఇంకా పెరిగేలా ఉంది."