టాపెట్ చప్పుడు

చప్పుడు వద్దన్నది మీరే. పై వార్డుల్లో గాజు కిటికీల వెనక పడుకునే మీరే, నగరానికి ఊపిరి పోసే యంత్రం టకటకమంటోందని అర్జీలు పెట్టారు. చప్పుడు లేని వరసకే వేసే నిశ్శబ్దముద్ర తెచ్చారు. ఆ ముద్ర కోసమే ఈ ఉదయం కరుణమ్మ స్పానర్ పట్టుకుని యంత్రం తలలోకి దిగింది.

లోపల నూనె ఆవిరి పొగమంచులా తేలుతోంది. ఆమె ముందు తొమ్మిదో వార్డు వరస ఆపి ఉంది. పక్కన ఎనిమిదో వార్డు వరసలో, తాటిమానంత క్యామ్ షాఫ్ట్ మెల్లగా తిరుగుతోంది. దాని ఉబ్బు తగిలి టాపెట్ అనే ఇనుప దిమ్మ లేస్తుంది. టాపెట్ రాడ్డును నెడుతుంది, రాడ్డు తూగుడుబల్లలాంటి రాకర్‌ను ఎత్తుతుంది, రాకర్ అవతలి కొన వాల్వు నెత్తిన వంగుతుంది. వాల్వు విచ్చుకుంటుంది, ఒక వార్డంతా ఊపిరి వదులుతుంది. స్ప్రింగు దాన్ని మళ్ళీ ముడుస్తుంది. నీళ్ళ అడుగున పువ్వు కదిలినట్టే. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా ఆమెకి మైమరపుతో కళ్ళు వాలిపోతాయి.

"తొమ్మిదో వార్డు వరస చల్లారింది. సందు లేకుండా బిగించెయ్," పైనుంచి ఫోర్‌మన్ యేసుపాదం కేకేశాడు. "ముద్రాయన వచ్చేస్తన్నాడు."

"వేడెక్కితే వాల్వు ఇనప కాడ సాగుద్ది బాబాయ్. సందు లేకపోతే వాల్వు మూసుకోదు. వదిలిన గాలి మళ్ళీ మన ఇళ్ళల్లోకే వచ్చుద్ది. నువ్వు నేర్పిందేగా!"

"మర్చిపో. చప్పుడు లేకపోతే చాలంట."

కిందటిసారి ఆమె మర్చిపోయింది. తన చేత్తోనే బిగించింది.

"మా పిల్ల మూడు రోజుల్నించి పొద్దెక్కినా లేవట్లా. కలలో పడవలంట. నవ్వుకుంటా చెప్పి మళ్ళీ పడుకుంటంది. పిన్ని ఎట్టా ఉంది?"

యేసుపాదం గొంతు సవరించుకున్నాడు. "పొయ్యి ముందు కూర్చునే నిద్రపోతంది."

తొమ్మిదో వార్డంతా అంతే. పట్టపగలు అరుగుల మీద జనం కలలు కంటున్నారు. మీ నివేదికల్లో దానికి ప్రశాంతత అని పేరు.

కరుణమ్మ నట్టు వదులు చేసింది. రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు కొలిచే గేజ్ రేకు దూర్చి, అది పట్టీపట్టనట్టు జారేదాకా మరమేకు తిప్పింది. అంత సందు వదిలి నట్టు బిగించింది. "తిప్పు బాబాయ్."

టక్. టక్. టక్.

మెత్తటి చెప్పులతో వచ్చిన ముద్రాయన చెవిగొట్టం దించి విన్నాడు. "ఏంటమ్మా ఈ గోల? ఎనిమిదోది చూడు, పసిపాపలా నిద్రపోతోంది."

"మా పిల్లలూ అట్టాగే నిద్రపోతన్నారండి. ఇది వాల్వు మూసుకుంటన్న చప్పుడు."

"ముద్ర వెయ్యను."

"వెయ్యొద్దు."

ఆయన ఫోర్‌మన్ వైపు తిరిగాడు. యేసుపాదం తన పాత గేజ్ జేబులోంచి తీసి, ఎనిమిదో వరస ఆపి, మెట్లు దిగాడు.

ఇక మీ వంతు. నిశ్శబ్దముద్ర రద్దు చెయ్యండి. అన్ని వరసలకీ సందు వదలమని ఈ పూటే ఉత్తర్వు రాయండి. చప్పుడుకి నిద్ర పట్టకపోతే లేచి కూర్చోండి.

మా పిల్లలు లేవాలి.