మూడో పిలుపు

ఏలూరులో తమ్మిలేరు గట్టు వైపు అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్లకి ఆటోవాళ్లు ముందే చెప్పేస్తారు: "ఆ ఆకుపచ్చ గేటు ఇల్లు మాత్రం వద్దండీ." ఇంట్లో ఏమీ లేదట. ఉన్నదల్లా గేటు దగ్గరేనట. బాగా పొద్దుపోయాక ఎవరో గడియ కదిలిస్తారు... తియ్యమని అడుగుతారు...

ఆ ఇల్లు పట్టాభిరామయ్యది. దెందులూరులో ఉన్న ఎకరం అమ్మి కట్టాడు. తాను మాత్రం భార్య వెంకటనరసమ్మతో ఎదురుగా ఉన్న పాత పెంకుటింట్లోనే ఉంటాడు. ఇద్దరికీ ఆ అద్దే ఆధారం. గోడకి మేకు కొడితే ఊరుకోడు, నీళ్ల మోటారు గది తాళం తన జేబులోనే పెట్టుకుంటాడు. ఇల్లు అద్దెకిచ్చినవాడికి ఆ మాత్రం చాదస్తం ఉంటుందిలెండి.

చెడ్డపేరు ఎలా వచ్చిందంటే, కిందటేడు వానల్లో ఆ ఇంట్లో దుర్గేష్ అనే కుర్రాడు తల్లితో ఉండేవాడు. ఆవిడ ఇక బతకదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు ఆసుపత్రివాళ్లు. అంబులెన్సు వచ్చేసరికి గేటుకి లోపల్నుంచి తాళం వేసుంది. దాని వెనకాల పట్టాభిరామయ్య నిలబడి ఉన్నాడు.

"నక్షత్రం మంచిది కాదయ్యా. ఇవాళ ప్రాణం పోతే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలి. మీ ఊరు తీసుకుపో."

"వానండీ... ఈ ఒక్క రాత్రికండీ..."

స్ట్రెచరు మీంచి ఆవిడే అడిగింది, "తియ్యండి బాబూ..." అని. ఎదురింటి అరుగు మీంచి వెంకటనరసమ్మ కూడా అంది, "తియ్యండీ, పాపం." ఆయన తియ్యలేదు. దుర్గేష్ తల్లి ఆ గేటు ముందే పోయింది. ఇల్లు మూతపడకుండా కాపాడుకున్నాననుకున్నాడు పెద్దమనిషి.

ఆ తర్వాత దిగినవాళ్లెవరూ అందులో నిలవలేదు. టు-లెట్ బోర్డు వెలిసిపోయింది. చివరికి ఇలియాస్ వచ్చాడు, సోఫాలు కుట్టుకునేవాడు. మాంసం వండేవాళ్లకి ఇల్లివ్వనని మునుపు మొహం మీదే చెప్పిన పట్టాభిరామయ్య, ఇప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"నాకు భయం లేదండీ. మా ఆవిడే ఒప్పుకోవట్లేదు," అన్నాడు ఇలియాస్. "మీరొక్క రాత్రి అందులో పడుకోండి. ఏమీ లేదని మీ నోటితో చెప్పండి. తెల్లారేసరికి సామాను దింపేస్తాను."

ఇతనూ పోతే ఇల్లు అమ్ముకోవడమే. దెయ్యమున్న కొంపని కొనేదెవరు? పట్టాభిరామయ్య సరేనన్నాడు.

వెంకటనరసమ్మకి ఆయాసం. వానాకాలమంతా ఇన్‌హేలరు చేతిలో ఉండాల్సిందే. "నేనొక్కదాన్నీ ఉండలేనా ఏమిటి, వెళ్లండి," అంది. గుమ్మం దాకా వచ్చి మాత్రం చెయ్యి పట్టుకుని గుసగుసగా చెప్పింది:

"మనుషులైతే మూడుసార్లు పిలుస్తారండీ. దెయ్యానికి మూడోసారి పిలవడం చేతకాదు. మూడో పిలుపు వినబడేదాకా పలక్కండి. నా మీద ఒట్టు."

ఆయన ఆ గేటుకి అదే తాళం వేసుకున్నాడు. తలుపులు, కిటికీలు బిగించాడు. ఫోను పెంకుటింట్లో చార్జింగు దగ్గరే మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ చీకట్లో గేటు దాకా వెళ్లబుద్ధి కాలేదు.

వాన పట్టుకుంది. కరెంటు పోయింది. కాస్త కునుకు పడుతుండగా... గడియ కదిలింది.

గాలే అనుకున్నాడు. మళ్లీ కదిలింది...

"తియ్యండి..."

గొంతు కాదది, ఒట్టి ఊపిరి. ఆడమనిషి ఊపిరి. ఆ రోజు స్ట్రెచరు మీంచి వచ్చినట్టే ఉంది. ఆయన దుప్పటి కొస నోట్లో కుక్కుకున్నాడు.

"తియ్య...ండీ..."

ఎందుకో కాళ్లు మంచం దిగబోయాయి. ఒట్టు గుర్తొచ్చింది. మళ్లీ పైకి ముడుచుకున్నాడు. మూడో పిలుపు కోసం చెవులు రిక్కించాడు. గేటుకి రాసుకుంటూ ఏదో కిందికి జారిన చప్పుడు... ఆ తర్వాత వాన తప్ప ఏమీ వినబడలేదు.

మూడోసారి పిలవలేదు. అంటే... అదే! బతికిపోయానురా దేవుడా అనుకున్నాడు. అంత భయంలోనూ ఆలోచన మానలేదు. ఇలియాస్‌తో మాత్రం ఏమీ వినబడలేదనే చెప్పాలి.

తెల్లవారుతుండగా పిలుపు వచ్చింది. గట్టిగా, మనిషి గొంతుతో.

"ఏవండీ! తియ్యండి! తొందరగా తియ్యండీ!"

ఇలియాస్! పట్టాభిరామయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది. తాళంచెవి పట్టుకుని, నవ్వు మొహం పెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

సామాను వ్యాను లైట్లు వెలుగుతున్నాయి. ఇలియాస్ గేటు అవతల మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. అతని పక్కన, గేటుకి ఆనుకుని, తడిసి ముద్దయిపోయిన వెంకటనరసమ్మ. ఆవిడ చెయ్యి ఊచల సందులోంచి లోపలికి వచ్చి బిగుసుకుపోయింది. అందులో ఖాళీ అయిపోయిన ఇన్‌హేలరు. ఎదురింటి తలుపు బార్లా తెరిచి ఉంది.

తాళం తియ్యడానికి ఆయనకి చేతులాడలేదు. ఇలియాసే ఊచల్లోంచి తాళంచెవి అందుకుని తీశాడు.

"రాత్రి పిలిచే ఉంటారండీ..." అన్నాడతను. "మీకు వినబడలేదా?"

పట్టాభిరామయ్య బురదలో కూలబడి ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు.

"రెండుసార్లే పిలిచిందయ్యా," అన్నాడు.