చేతివెలుగు

చంద్రుడి మీద పుట్టిన పిల్లలందరూ పదిహేనో ఏట ఒకసారి ఇష్టదర్శిని గదిలోకి వెళ్తారు. అందులో పెద్ద హంగేమీ ఉండదు. ఒక బల్ల, దాని మీద రకరకాల పనిముట్లు. గోడల్లోని న్యూరల్ సెన్సర్లు మెదడులో పుట్టే ఆనందాన్ని పట్టుకుని, పని చేస్తున్న చేతుల చుట్టూ కాంతిగా చూపిస్తాయి. తెలివిని అవి కొలవవు. ఇష్టాన్ని చూపిస్తాయి, అంతే.

ఆ రోజు కెజియా గాలిపంపు వాల్వు విప్పుతోంది. మొదట వేళ్ళ చివర మిణుగురులంత వెలుగు. చూస్తుండగానే అది మోచేతుల దాకా పాకింది. పెద్దవాళ్ళు చెప్పుకునే భూమ్మీది వెన్నెలంత తెల్లగా, చల్లగా ఉంది.

"చూశారుగా దైవసహాయం గారూ!" అంది, ఆ యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ వకుళ. "పిల్లని ఇంజనీరింగ్ బడికి పంపడానికి ఇక తండ్రిగా మీ వేలిముద్రే తక్కువ."

కాలనీకి ఊపిరి పోసే గాలియంత్రాలన్నిటికీ దైవసహాయమే చీఫ్ ఇంజనీరు.

"ఆడపిల్ల సరదా అండి అది, నాలుగు రోజులుంటుంది. మగాళ్ళం రెంచీ పట్టుకునే పుడతాం. నా చేతులు చూడండి, సూర్యుడు దిగొస్తాడు."

"నల్ల కళ్ళజోడు తెచ్చుకోనా నాన్నా?" అంది కెజియా.

ఆయన నవ్వుతూ కూర్చుని, వాల్వు వైపు చూడకుండానే విప్పి బిగించేశాడు. చేతులు చీకటిగానే ఉన్నాయి.

"మీ మెషీన్ పాడైంది డాక్టరమ్మా."

కెజియా వాల్వు ముట్టుకుంది. వెలుగు వచ్చింది. ఆయన తీసుకున్నాడు. ఆరిపోయింది.

"మీ అంత పనిమంతుడు ఇక్కడ లేడండీ," అంది వకుళ మెల్లగా. "ఇష్టమే కనపడటం లేదు."

ఆయన ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియక కూతురి చొక్కా చేతి వైపు చూశాడు. ఇందాక వాల్వుకి తగులుకుని అంచున ఉన్న లేసు తెగి వేలాడుతోంది.

"ఉండమ్మలూ, మొత్తం ఊడిపోతుంది."

బల్ల మీది సన్నతీగని కొక్కెంలా వంచి, తెగిన దారం అందుకుని అల్లసాగాడు. నరసాపురంలో లేసు అల్లే నాయనమ్మ ఒళ్ళో కూర్చుని చిన్నప్పుడు నేర్చుకున్న పని అది. "మగపిల్లాడికి లేసేంట్రా!" అని బాబాయి కొక్కెం లాక్కుని స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నీకేది ఇష్టమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

గది గోడలు కనిపించడం మానేశాయి. వకుళ కళ్ళకి చెయ్యి అడ్డుపెట్టుకుంది. తను కనిపెట్టిన యంత్రం ఇంత వెలుగు చూపగలదని ఆమెకే తెలియదు.

"నాన్నా... నీ చేతులు," అంది కెజియా గుసగుసగా.

ఆయన చూసుకున్నాడు. కొక్కెం ఆగింది. మళ్ళీ దారం అందుకున్నాడు.

"వేలిముద్ర..." అంటూ వకుళ గాజుపలక ముందుకు జరిపింది.

"వేస్తానండి," అన్నాడు దైవసహాయం తలెత్తకుండా. "ఈ పువ్వొక్కటీ పూర్తి కానివ్వండి."