మునెమ్మ కండ్లు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, దసరా సెలవుల్లో, చిత్తూరులోని ఒక ఆడపిల్లల బడి పంతులమ్మలు ఐదుగురు కలిసి ఊళ్ళు చూడటానికి బయలుదేరారు. ఆ ఆలోచన పెద్ద పంతులమ్మ సంతోషమ్మది. ఏటా పిల్లలకు చంద్రగిరి కోట పాఠం చెబుతూ, తామెవరూ ఆ కోట గడప తొక్కలేదే అని ఆమెకు చిన్నతనంగా ఉండేది. బొమ్మలు గీయడం నేర్పే అమృతవల్లి తన చెల్లెలు పంకజవల్లిని కూడా వెంటబెట్టుకొచ్చింది. పదహారేళ్ళ పిల్ల. ఇల్లు దాటి రావడం ఇదే మొదలు. తల్లి ఒప్పుకోకపోతే, "నా పక్కనే పెట్టుకుంటా" అని మాటిచ్చి తెచ్చింది.

మొదటి రోజు కోట చూశారు. రెండో రోజంతా తిరుపతిలో ఎర్రచందనం బొమ్మలు చెక్కేవాళ్ళ దగ్గర గడిచిపోయింది. మూడో రోజు కాళహస్తిలో రైలు దిగి, ఏటి ఒడ్డున గుడ్డల మీద బొమ్మలు రాసే ఏకాంబరం ఇంటికి వెళ్ళారు.

పొడుగాటి పూరిపాక. కరక్కాయ కలిపిన గేదెపాలలో నానిన గుడ్డల వాసన గుమ్మంలోనే ఎదురొచ్చింది. మూల కుండల్లో పాత ఇనప ముక్కలూ బెల్లమూ పులిసి నల్లసిరా అవుతున్నాయి. ఏకాంబరం వెదురు కలానికి చుట్టిన దారపు ఉండని సిరాలో ముంచి, వేళ్ళతో మెల్లగా నొక్కుతూ ఒక్క గీతలో నెమలి మెడ దించాడు. అమృతవల్లి కలం అడిగి తీసుకుని పాతగుడ్డ మీద అదే మెడ గీసింది.

"నీ చేతిలో పని ఉండాదమ్మా," అన్నాడాయన.

ఆ మాటకు ఆమె మధ్యాహ్నం దాకా అక్కడి నుంచి కదల్లేదు.

గోడవార చుట్టి పెట్టిన ఒక గుడ్డను తనే విప్పి చూసింది. దీపాలు పట్టుకుని వరసగా నిలబడ్డ ఆడవాళ్ళ బొమ్మలు. నగలూ, కుచ్చెళ్ళూ, వేళ్ళూ అన్నీ పూర్తయ్యాయి. చివరి పిల్ల ముఖంలో మాత్రం కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట తెల్లటి గుడ్డ.

ఏకాంబరం వచ్చి గుడ్డను మళ్ళీ చుట్టేశాడు.

"అది మా మునెమ్మ మొకమమ్మా. నా కూతురు. కండ్లు పెట్టేలోపల గుడ్డలు ఉతకను పోయి ఏట్లో కొట్టకపోయింది. మూడేండ్లాయె. పీనుగ గూడా దొరకలా."

"పూర్తి చేయొచ్చు కదా?"

ఆయన చుట్టిన గుడ్డను మళ్ళీ గోడవార పెట్టాడు. "కండ్లు లేనంతకాలం నా బిడ్డ యాడుండాదో ఆడ్నే ఉంటాది. ముట్టబాకమ్మా."

మూడు గంటలు దాటాక తూర్పున మబ్బు కమ్మింది. రంగులేసిన గుడ్డలు ఏటినీళ్ళలో ఎట్లా ఉతుకుతారో చూద్దామని మిగతావాళ్ళు లేచారు. పంకజవల్లి అక్క చెయ్యి పట్టి లాగింది.

"నువ్వు పో. నీళ్ళలో మాత్రం దిగొద్దు," అని అమృతవల్లి మళ్ళీ తను గీస్తున్న పాతగుడ్డ మీదికి వంగింది. ఏకాంబరం కూడా ఆరేసిన గుడ్డలు తేవడానికి వాళ్ళ వెనకే పోయాడు.

వాన మొదలైంది. పాకలో వెలుతురు సన్నగిల్లి, కుండల్లోని సిరా నలుపు గది అంతా పాకినట్టయింది. చూరు నీళ్ళు ఆగకుండా కారుతున్నాయి. ఆమె చేతిలో కలం ఉంది. గోడవార ఆ గుడ్డ ఉంది. ఒక్కసారి చూసి చుట్టేద్దామనుకుంది. విప్పి, మోకాళ్ళ మీద పరుచుకుంది.

వెనక తడిబట్ట నేలకు తగిలిన చప్పుడు.

"అక్కా..."

"వచ్చేసినావా? తడిసినావా?" తల తిప్పకుండానే అడిగింది.

"తడిసినా... కండ్లు పెట్టక్కా."

"వద్దన్నాడు కదే ఆయన."

"ఏమీ కనపళ్ళేదక్కా... శానా చీకటి."

ఆ గొంతులో ఏదో దిగులు. ఎవరికైనా జాలి పుట్టేంత దిగులు. అమృతవల్లి కలం ముంచింది. కుడి కన్ను. గుండ్రంగా, నిండుగా. తర్వాత ఎడమ కన్ను. గుడ్డలోని పిల్ల ఆమెను చూసింది.

అప్పుడు వాసన తగిలింది. పాలది కాదు, కరక్కాయది కాదు. ఎన్నాళ్ళో నీటి అడుగున మగ్గిన బురద వాసన.

తిరిగి చూసింది.

ఎవరూ లేరు. నేల మీద ఇంత నీళ్ళ మడుగు. గుమ్మం నుంచి అక్కడికి ఒక్క అడుగు జాడ లేదు. అక్కడి నుంచి గుమ్మానికి మాత్రం... తడి అడుగులు ఉన్నాయి.

ఏకాంబరం రొప్పుతూ లోపలికి వచ్చాడు. ఏదో చెప్పబోయి, గుడ్డ చూసి నిలబడిపోయాడు.

"ఎవురు పెట్టమన్నారమ్మా?"

"మా పంకజం. ఇప్పుడే..."

"ఆ పిల్ల ఏట్లో పడిందమ్మా," అన్నాడు మెల్లగా. "అప్పుటి నుంచీ ఎతకతా ఉండారు. నిన్ను పిలవనే వచ్చినా."

ఎట్లా పరిగెత్తిందో ఆమెకు తెలియదు. ఒడ్డున సంతోషమ్మ చేతులు జోడించి ప్రార్థన చేస్తోంది. నలుగురు మగవాళ్ళు గెడకర్రలతో ఎర్రటి నీళ్ళు కెలుకుతున్నారు. అమృతవల్లి చెల్లెలి పేరు పెట్టి అరిచింది.

అంతలో దిగువన, ఎవరూ వెతకని చోట, పంకజవల్లి తల పైకి లేచింది. ఈదడం లేదు. నడిచి వస్తోంది. కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది, ఎవరో పట్టుకుని దారి చూపిస్తున్నట్టు. ఒడ్డెక్కి కూర్చుంది. ఆయాసం కూడా లేదు.

అందరూ ఆమె చుట్టూ మూగారు. ఏకాంబరం మాత్రం దగ్గరికి రాలేదు. దూరంగా కూర్చుని, తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

సాయంత్రం రైలుకే చిత్తూరు బయలుదేరారు. రేణిగుంట దాటేసరికి పెట్టెలో అందరూ నిద్రపోయారు. దీపం మసకగా వెలుగుతోంది. పంకజవల్లి అక్క ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది.

"భయమేసిందా?" అమృతవల్లి ఆమె జుట్టు నిమురుతూ అడిగింది.

"లేదక్కా. ఇంగో పిల్ల నా చెయ్యి పట్టుకోనుండె. మంచి పిల్ల."

నిమిరే చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నా మాట్లాడిందా?"

"కండ్లు పెట్టింది ఎవురని అడిగింది. నాకేం తెలుసు? బొమ్మలు రాసేది మా అక్కే అని నీ పేరు చెప్పినా."

"ఇంకా?"

"మనం యాడికి పోతామని అడిగింది." పంకజవల్లి ఆవులించింది. కాసేపటికి ఊపిరి నిలకడగా సాగింది.

ఏదో చిన్న స్టేషనులో రైలు ఆగింది. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు. మళ్ళీ కదిలింది.

పెట్టె ఆ చివర నుంచి సన్నటి గొంతు.

"అమృతవల్లక్కా..."

ఆమె పలకలేదు. ఊపిరి బిగబట్టి, చెల్లెలి భుజం గట్టిగా పట్టుకుంది. సంతోషమ్మ గురక వినిపిస్తోంది. చక్రాల చప్పుడు.

"అమృతవల్లక్కా... యాడుండావు?"

ఈసారి దగ్గరగా. రెండు బల్లల అవతల.

ఒళ్ళో పంకజవల్లి కళ్ళు మూసుకునే ఉంది. గాఢనిద్రలోనే, నెమ్మదిగా పెదాలు కదిపి బదులిచ్చింది.

"ఈడ్నే ఉండాది. రా."