మనీష పేరు మీది బండి

షోరూంలో తెల్ల స్కూటర్ మీద కూర్చుని మనీష అద్దంలో జుట్టు సర్దుకుంటోంది. కంప్యూటర్ ముందున్న మేనేజర్ తలెత్తాడు.

"మేడమ్, మీ పేరు మీద ఆల్రెడీ ఒక బండి ఉన్నది. ఇది రెండోది అయితది. లైఫ్ ట్యాక్స్ ఎక్కువ పడుతది."

"నాకు బండెక్కడిది? ఉన్న ఎర్ర స్కూటీ రెండేండ్ల కిందనే అమ్మేసిన."

"అమ్మిన్రు గనీ, కొన్నోళ్లు పేరు మార్పిచ్చుకోలె. గవర్నమెంటు లెక్కల ఇంక మీరే ఓనర్. ఎక్స్‌ట్రా కట్టేస్తే ఇయ్యాల్నే బండి తీస్కపోవచ్చు."

మనీష నల్గొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బాటనీ చెప్తుంది. కొత్త ఆకు కనబడితే తిప్పి వెనకవైపు చూడందే వదలదు. రెండేళ్లుగా తన పేరుతో తిరుగుతున్న మనిషెవరో తెలుసుకోకుండా ఎలా వదులుతుంది? స్కూటర్ దిగి హాస్టల్‌కు వచ్చేసింది.

సాయంత్రం ఫోన్లో పాత నంబరు కొట్టి చూస్తే కట్టని చలాను ఒకటి కనిపించింది. చిట్యాల దగ్గర తీసిన ఫొటో కూడా ఉంది. తన స్కూటీయే. నడిపే కుర్రాడి తలకు హెల్మెట్ లేదు. వెనక కూర్చున్న ముసలామె తలకు మాత్రం ఉంది. ఆమె కెమెరా వైపు వేలు చూపించి తిడుతోంది. కుర్రాడు నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటున్నాడు.

మనీష ఫొటోను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

రూమ్మేట్ సుహాసిని భుజం మీంచి తొంగిచూసింది. "ఇది చలాను ఫొటోనా, పెండ్లిచూపుల ఫొటోనా?"

"నోర్ముయ్యి. పేరు మార్పిచ్చుకోనోని తోటి నాకేం పెండ్లి?"

ఆదివారం బస్సెక్కి చిట్యాలలో దిగింది. చౌరస్తాలో చాయ్ హోటలాయనకు ఫొటో చూపిస్తే ఆయన పకపకా నవ్వాడు. "గీ అవ్వ తెల్వనోళ్లెవరమ్మా? నర్సింగమ్మ. గా పిలగాడు మనుమడు, శ్రవణ్‌కుమార్. మగ్గం నేస్తడు."

ఇల్లు చేరేసరికి లోపల మగ్గం టకటకమంటోంది. మనీష గుమ్మంలో నిలబడి గొంతు పెంచింది.

"బండి కొన్నంక పేరు మార్పిచ్చుకోవాలని తెల్వదా? జర బాధ్యత ఉండొద్దా?"

మగ్గం ఆగింది. జుట్టులో నూలుపోగులతో శ్రవణ్ బయటికొచ్చి, ఆమెను చూసి, కళ్లు పెద్దవి చేశాడు.

"మీరు... మనీషనా? డాటర్ ఆఫ్ లింగయ్య?"

"నీకెట్ల తెలుసు?"

"రెండేండ్ల సంది ఆర్సీ సదువుతనే ఉన్న గద! మీరు లోన్ కట్టేసిన్రా?"

"ఎప్పుడో కట్టేసిన!"

"కడితే అయిపోదు మేడమ్. ఆర్సీల ఫైనాన్సోళ్ల పేరు ఇంక గట్లనే ఉన్నది. వాళ్లు బాకీ లేదని ఎన్‌వోసీ ఇస్తెనే అది తీసేస్తరు, అప్పుడే బండి నా పేరు మీదికి వస్తది. గా ఎన్‌వోసీ మీరొస్తెనే ఇస్తరట. ఆర్సీల ఉన్న కిరాయి ఇంటికి పోయిన, మీరు ఖాళీ చేసిన్రు. నడుమ బండి ఇప్పిచ్చిన ఏజెంటు దుకాణం ఎత్తేసిండు. మిమ్ముల ఏడ దేవులాడాలె?"

మనీష కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. అప్పు తీరిపోతే అంతా తీరిపోయినట్టే అనుకుంది ఇన్నాళ్లూ.

లోపల్నుంచి నర్సింగమ్మ కేకేసింది. "ఎవలురా?"

"బండి ఓనరు, అవ్వా!"

"అయితె బయట నిలబెట్టి మాట్లాడుతవేందిరా? గా పిల్ల బండి మీదనే గద నేను దవాఖానకు పోతున్నది!"

ఆ వారమే ఇద్దరూ ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లారు. మనీష సంతకాలు పెట్టింది, ఎన్‌వోసీ చేతికొచ్చింది. తర్వాత శనివారం ఆర్టీవో ఆఫీసు. కౌంటర్లో ఆయన కాగితాలన్నీ తిప్పి, "ఒరిజినల్ ఆర్సీ ఏది?" అన్నాడు.

శ్రవణ్ జేబులు తడుముకున్నాడు. "ఇంట్ల మర్సిపోయిన."

మరుసటి శనివారం కూడా అదే తడుముకోవడం. "అవ్వ ఏడనో పెట్టింది."

"మతిమరుపు నీకా, అవ్వకా?" అని మనీష విసుక్కుంటుండగానే వాన దంచికొట్టింది. జనమంతా షెడ్డు కిందికి పరిగెత్తారు. శ్రవణ్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, చాయ్ తెస్తానంటూ వానలోకి ఉరికాడు. కాగితాలు తడవకుండా దాచుదామని మనీష స్కూటీ డిక్కీ తెరిచింది.

ఆర్సీ కార్డు అక్కడే ఉంది, ప్లాస్టిక్ కవర్లో, భద్రంగా.

రెండు చాయ్ గ్లాసులతో తిరిగొచ్చిన శ్రవణ్ ఆమె చేతిలో కార్డు చూసి అక్కడే ఆగిపోయాడు. చాయ్‌లో వాన పడుతోంది.

"అవ్వ ఏడనో పెట్టిందంటివి?"

"పోయిన శనివారం గూడ గీన్నే ఉండె."

"మరెందుకు అబద్ధమాడినవ్?"

"ఇస్తే పనైపోతది. పనైతే మీరు నల్గొండల, నేను చిట్యాలల. ఇంక ఏం చెప్పి మిమ్ముల పిలవాలె?"

మనీష నవ్వు దాచుకోవడానికి వాన వైపు తిరిగింది. కాసేపటికి అటు చూస్తూనే అంది:

"ఎక్స్‌ట్రా కడితే షోరూమోళ్లు ఎప్పుడంటే అప్పుడే బండి ఇస్తరు. నేనే తీసుకోలె."

"ఎందుకు?"

"ఉన్న ఒక్క హెల్మెట్ అవ్వకు పెట్టినోడు ఎవడా అని చూడబుద్ధైంది. ఇటు రా, తడుస్తున్నవ్."

వాన తగ్గాక చలాను కట్టి, ఆర్సీ కౌంటర్లో ఇచ్చేశారు. బండి అతని పేరు మీదికి మారింది. మధ్యాహ్నం చిట్యాలలో అన్నం వడ్డిస్తూ నర్సింగమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"మీ నాయినకు ఫోన్ కలుపు బిడ్డా."

మనీష ఫోన్ వెనక్కి దాచుకుంది. "వద్దవ్వా! మేం కాపోళ్లం, మీరు పద్మశాలోళ్లు. నాయిన ఏమంటడో! నేనే మెల్లగ చెప్త."

"నువ్వు మెల్లగ చెప్పేదాంక నేనుంటనా? కలుపు."

ఫోన్ కలిసింది, మనీష స్పీకర్ పెట్టింది. "లింగయ్యా, నేను చిట్యాల నర్సింగమ్మను. పద్మశాలోళ్లం. మీ బిడ్డ, మా మనుమడు ఇష్టపడ్డరు. వాళ్లకు నోరొస్తలేదు, నేను చెప్తున్న."

శ్రవణ్ ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"మనీషా, ఉన్నవా?" అన్నాడు లింగయ్య.

"ఉన్న నాయినా."

"నిజమేనా?"

"నిజమే."

లింగయ్య గొంతు సవరించుకున్నాడు. "చూడకముందు మాటియ్య. ఆదివారం మీ అమ్మను తోల్కొని వస్త. గనీ అవ్వా, ఒక్కటి చెప్పు. పిలగాడు బండి ఎట్ల నడుపుతడు?"

నర్సింగమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. "గదొక్కటి అడగకు లింగయ్యా. నన్నెక్కించుకుంటే సైకిళ్లు గూడ మమ్ముల దాటిపోతయ్!"