రాతింటికి సిమెంటు పూత

అరబ్బు దేశంలో, బహ్లా అనే ఊళ్ళో మనోహరం మేస్త్రి కాపురమున్న పాత రాతిల్లు అలాంటిలాంటిది కాదు. గోడ ఎంత మందమంటే, గూట్లో దూరిన మేకపిల్ల మర్నాటికి అవతలి వీధిలో తేలిందట. రాయికీ రాయికీ మధ్య మట్టి, పైన మట్టి పూత, కప్పుకి ఖర్జూరం దూలాలు. తోట కాలవ గోడని ఒరుసుకుంటూ పారేది. బాగుచేసుకుంటే అద్దె లేకుండా ఉండమన్నాడు తోట యజమాని. కువైట్ యుద్ధం ఆగిన ఏడాది మనోహరం ఆ ఇంటికి లోపలా బయటా సిమెంటు పూసేశాడు. ఆ నునుపులో మొహం చూసుకుని కాకులు తల దువ్వుకునేవని అతను పనిచేసే సైట్లో ఒకటే కోతలు.

ఆ చలికాలం నుంచే కూతురు సూసన్‌కి ఆయాసం పట్టుకుంది.

ఆ పొద్దున పొయ్యి మీద ఉప్మా ఉడుకుతోంది. పిల్ల మంచం మీద కూచుని ఈల వేసినట్టు ఊపిరి లాగుతోంది. ఆస్పత్రిలో నర్సు చేసే తల్లి సామ్రాజ్యం డ్యూటీకి తయారై, పిల్ల గౌన్లు సంచిలో సర్దుతోంది. క్వార్టర్స్‌లో తల్లీపిల్లలకి చోటిచ్చారంది. మగాళ్ళని రానివ్వరని కూడా చెప్పింది.  ఆస్పత్రి నుంచి రోగాలు మోసుకొచ్చేది నువ్వేనన్నాడు మనోహరం.

"ఇంత ఇల్లొదిలి ఆ అగ్గిపెట్టెలోకి పోతావా?"

"అగ్గిపెట్టైనా పొడిగా ఉంటది, సూసన్ నాన్నా."

సూదంత సందు లేకుండా పూశాను, చెమ్మెక్కడే అన్నాడతను. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, పిల్ల తలగడ పక్కన గోడకి ఆనించింది. చచ్చిన చేపలా చల్లగా తగిలింది.

"మట్టిగోడే మా చెల్లిని పొట్టనపెట్టుకుంది," అన్నాడు గొంతు తగ్గించి. "తుఫానుకి కరిగి మీద పడింది. మళ్ళీ ఆ మట్టి కిందే నా పిల్లని పడుకోబెట్టమంటావా?"

"తెలుసయ్యా. కానీ ఇక్కడ తుఫానెక్కడుంది? వానకే మొహం వాచిపోయామే."

గోడెంత గట్టో చూడమని సుత్తి తీసి ఒక్కటిచ్చాడు. డొల్లగా మోగింది. మళ్ళీ కొడితే తలుపంత పెచ్చు ఊడిపడింది. వెనక మట్టి పూరీపిండిలా తడిసి ముద్దయి ఉంది. కాలవ చెమ్మ రాళ్ళలోకి పాకడం ఎప్పుడూ ఉన్నదే. మట్టి పూత దాన్ని ఎండకి వదిలేసేది. సిమెంటు లోపలే బిగించేసింది. మేస్త్రికి వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నేల మీద చతికిలబడ్డాడు.

బయట ఆస్పత్రి బస్సు హారన్ కొట్టింది.

"తీసుకుపో," అన్నాడు తలెత్తకుండానే. "గోడలు ఆరాక వస్తారా?"

సామ్రాజ్యం పిల్లని చంకనేసుకుని గడపదాకా వెళ్ళి ఆగింది.

"సిమెంటంతా కొట్టెయ్. మట్టి తొక్కి ఉంచు. సాయంత్రం డ్యూటీ దిగొచ్చి నేను తట్ట మోస్తా."

చెల్లి పోయాక మొదటిసారి మనోహరం మట్టిలో కాళ్ళు పెట్టాడు. అది కలపడానికి కాలవ నీళ్ళు ముట్టలేదట, అతని కళ్ళనీళ్ళే సరిపోయాయట. అబద్ధమనడానికి బహ్లాలో ఎవరికీ మనసు రాలేదు.