పై బల్ల దిగనివాళ్ళు

వంటవాడి చొక్కాకి రెండో గుండీ మిగతావాటికంటే వెంట్రుకవాసి లావుగా ఉంది. ఆ తేడా చాలింది. వాణ్ణి గని ప్రాంగణంలో గోడకి నిలబెట్టి కాల్చేశారు. గుండీలో మైక్ ఉంది. వాడు మనవాడు.

"అప్పట్నుంచి క్రుజీలిన్‌కి బట్టలంటే భయం," అన్నాడు కర్నల్ దోరొష్. "ఒంటిమీద నూలుపోగున్న మనిషి ముందు వాడు నోరు తెరవడు. ప్లాన్లన్నీ శనివారం మధ్యాహ్నం, ఆవిరిగదిలో. అందరూ పుట్టినప్పుడు ఎలా ఉన్నారో అలా."

సెవెరిన్ హ్లుష్కో గడ్డం గోక్కున్నాడు. యాభై నాలుగేళ్ళు. ఇరవయ్యేళ్ళ గూఢచారి ఉద్యోగం, ఒక బైపాస్ ఆపరేషన్.

"నన్నే ఎందుకు సార్? కుర్రాళ్ళు లేరా?"

"ఉన్నారు. ఆవిరి పట్టడం ఎవడికీ రాదు. మీ తాత ఏడో నంబర్ గని స్నానశాలలో నలభై ఏళ్ళు చేశాడుగా? క్రుజీలిన్ ఉంటున్నది ఇప్పుడు అక్కడే. వాడికి ఆవిరి మేస్త్రీ కావాలి."

కర్నల్ ఫైలు తోశాడు. వ్సెవొలోద్ క్రుజీలిన్. పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. పదేళ్ళప్పుడు నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది, నాన్న తాగి తాగి పోయాడు. పద్దెనిమిదేళ్ళకి ఫుట్‌బాల్ స్టేడియం గ్యాంగుకి లీడర్. ఇరవై ఒకటికి వలస వచ్చి పుచ్చకాయలమ్మే తాజిక్ ముసలాణ్ణి ఇనప కడ్డీతో కొట్టి, అది దేశరక్షణ అని కరపత్రం వేశాడు. తర్వాత ఒక సెల్లార్‌లో క్లబ్బు పెట్టాడు. బాక్సింగ్, గుండు తలలు, ఉత్తరాది స్వచ్ఛమైన రక్తం మీద ఉపన్యాసాలు. మూడేళ్ళు జైలు. బయటికొచ్చేసరికి మాస్కోలో ఎవరికో పనికొస్తాడనిపించింది. కిందటేడు నలభై మందితో, రెండు లారీల తుపాకులతో సరిహద్దు దాటి మన గనుల ప్రాంతంలోకి వచ్చి, నేను కమాండర్ని అన్నాడు.

ఇలాంటివాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడరు. ఫ్యాక్టరీ మూసేసినవాడు వీళ్ళ కంటికి ఏనాడూ ఆనడు. పుచ్చకాయలమ్మేవాడు మాత్రం వెంటనే కనిపిస్తాడు.

"మిషన్ ఏంటి సార్?"

"ఈ నెల్లో ఒక శనివారం మనవైపు బాంబు పేలుస్తాడు. జనం కిక్కిరిసిన చోట. ఎక్కడ? ఎన్నింటికి? అది తెలియాలి. లోపల మన మనిషి ఉంది, ఇంగా. క్రుజీలిన్ ప్రియురాలు. ఆవిరిలో వీపు బాదే కొమ్మల గురించి, 'కొమ్మలు బర్చ్‌వేనా?' అని అడుగుతుంది. 'కాదమ్మా, ఓక్' అను. నువ్వు విన్నది ఆమెకి చెబితే చాలు, నాకు ఫోన్ వస్తుంది." కర్నల్ ఆగి, "మీ ఆవిడ ఎలా ఉంది?" అన్నాడు.

"హలీనా వెర్బోవె స్టేషన్లోనే ఉంటోంది సార్. ఇళ్ళొదిలి వచ్చేవాళ్ళకి టీ పోస్తూ."

వెళ్ళబోతుంటే టెక్నికల్ విభాగం వాళ్ళు ఒక ఉన్ని టోపీ చేతిలో పెట్టారు. ఆవిరిగదిలో తల మాడకుండా అందరూ పెట్టుకునేదే. ఇందులో ట్రాన్స్‌మిటర్ కుట్టారు. కీవ్‌లో ఏసీ గదిలో పరీక్షించి, భేషుగ్గా ఉందన్నారు.

*

సెవెరిన్ ఆవిరి మేస్త్రీగా చేరాక రెండు శనివారాలు ఉత్తినే పోయాయి. మూడో శనివారం పన్నెండింటికి క్రుజీలిన్ వచ్చాడు, వెంట డ్రైవర్ జఖార్. ప్రాంగణంలో ఒక రొట్టెల వ్యాన్ ఆగి ఉంది.

లోపల నూరు డిగ్రీలు. పై బల్ల మీద ఇద్దరూ ఉన్ని టోపీలతో, ఒంటిమీద ఇంకేమీ లేకుండా కూర్చున్నారు. క్రుజీలిన్ భుజం మీద సూర్యచక్రం పచ్చబొట్టు చెమటకి మెరుస్తోంది. తనూ టోపీ తప్ప నూలుపోగు లేకుండా సెవెరిన్ బర్చ్ కొమ్మల కట్టతో వాడి వీపు బాదుతున్నాడు. వింటున్నాడు.

"టైమర్ పెట్టావా?" అన్నాడు క్రుజీలిన్.

"పొద్దున్నే పెట్టేశా కమాండర్. మూడింటికి. రొట్టెల కింద ఉంది."

"చెక్‌పోస్టులో మనవాడి డ్యూటీ రెండింటి దాకే. ఒంటిగంటకల్లా బయల్దేరు. వ్యాన్ స్టేషన్లో టీ కౌంటర్ పక్కన పెట్టు. మూడింటి రైలుకి ఆరేడొందల మంది దిగుతారు. ఒక్క వెర్బోవె చాలు, ఇక ఆ వైపుకి పారిపోవాలని ఎవడికీ అనిపించదు."

సెవెరిన్ చేతిలో కొమ్మలు ఒక్క క్షణం ఆగాయి. టీ కౌంటర్. మళ్ళీ బాదాడు. ఆగితే చచ్చేవాడు.

సరిగ్గా అప్పుడే కణత మీద ఏదో చురుక్కుమంది. నల్లటి ప్లాస్టిక్ బొట్టు ఒకటి చెంప మీదకి జారింది. ఏసీ గదిలో భేషుగ్గా పనిచేసిన ట్రాన్స్‌మిటర్ కరిగిపోతోంది.

జఖార్ వంగి చూశాడు. "ఏంటి తాతా, నీ బుర్ర కారిపోతోందా?"

"కప్పు తారు బాబూ. కూలిపోయే గని. పైనుంచి కారుతుంది." టోపీ తీసి పొయ్యిలో పడేశాడు. "కొత్త కొమ్మలు తెస్తా."

*

తువ్వాలు చుట్టుకుని వస్తే, బయటి గదిలో టీ కాచే సమోవార్ పక్కన ఇంగా కూర్చుని ఉంది. వెండి నక్క బొచ్చు కోటు, ఎర్రటి గోళ్ళు, కాలు మీద కాలు. గని ఊళ్ళో ఆ మనిషి పేడకుప్పలో పడ్డ షాంపేన్ సీసాలా ఉంది. తలుపు బయట ఇద్దరు గార్డులు.

"కొమ్మలు బర్చ్‌వేనా?" అంది.

"కాదమ్మా, ఓక్." వంగి గొణిగాడు. "రొట్టెల వ్యాన్. వెర్బోవె స్టేషన్. మూడింటికి. ఇప్పుడే ఫోన్ చెయ్యి."

ఇంగా ఫోన్ వెనక తెరిచి, సిమ్ కార్డు తీసి, టీ గ్లాసులో వేసి, చెంచాతో కలిపింది.

"నాకు పొద్దున్నే తెలుసు తాతా. ఆ టైమర్ పంపింది మాస్కోలో మావాళ్ళే. స్టేషన్ పోవాలి. ఆ తర్వాత నేరం క్రుజీలిన్ నెత్తిన పెట్టి వాణ్ణీ తీసెయ్యాలి. వాడి వాగుడు ఎక్కువైంది. పాపం వాడికేమీ తెలీదు, నాతో ఆపరేషన్ల ఊసే ఎత్తడు."

"కర్నల్ నిన్ను నమ్మాడు."

"అందరూ నమ్ముతారు. జీతం అందుకే ఇస్తారు."

"లోపలికెళ్ళి నీ సంగతి చెప్పేస్తా."

"చెప్పు. నీ సంగతి నేను చెబుతా. ఇద్దర్నీ ఒకే గోడకి నిలబెడతారు. బండి మాత్రం టైముకి వెళ్ళిపోతుంది." నవ్వింది. "కొమ్మలు పట్టుకెళ్ళు. చలిగాలి లోపలికి పోతోంది."

నిజమే అంది, దొంగముండ. గోడ మీద గడియారం పన్నెండూ ముప్పై ఐదు చూపిస్తోంది. సెవెరిన్ దగ్గర తుపాకీ లేదు, ఫోన్ లేదు. ఉన్నది ఒక నీళ్ళ బకెట్, ఒక రాగి చెంబు. సరే, చెంబే.

*

లోపలికెళ్ళి, తువ్వాలు తీసేసి, కాలితో గాలికంత మూసేశాడు. రాళ్ళ మీద ఒక చెంబు పోశాడు. బుస్సుమని ఆవిరి లేచింది.

"ఇక లేస్తా కమాండర్," అన్నాడు జఖార్. "టైమయింది."

"లేవనీండి కమాండర్," అన్నాడు సెవెరిన్ జాలిగా. "కుర్రాడికి అలవాటు లేదు. ఇదే బల్ల మీద మా గని మనుషులు షిఫ్టు దిగి మూడు విడతలు కూర్చునేవాళ్ళు. తాతార్లు, గ్రీకులు, అర్మేనియన్లు. మీ ఉత్తరాదివాళ్ళకి రెండోదానికే కళ్ళు తేలేస్తాయి. ఒక్కో ఒంటి తత్త్వం."

క్రుజీలిన్ మెల్లగా తల తిప్పాడు.

"ఏమన్నావ్?"

"ఉన్నమాటే అన్నా బాబూ. రక్తం పలచనేమో."

నిజానికి ఏ గని మనిషీ రెండో విడత దాటి కూర్చోలేదు. ఇంటికెళ్ళి ఇంత తిని పడుకోవాలనే తొందర వాళ్ళది. కానీ ఇరవయ్యేళ్ళుగా రక్తం అమ్ముకు బతికేవాడికి ఆ మాట అంటే ఏమవుతుందో సెవెరిన్‌కి తెలుసు.

"కూర్చో జఖార్," అన్నాడు క్రుజీలిన్.

"కమాండర్, వ్యాన్..."

"మూడు విడతలు. గని గాడిదలు కూర్చున్నచోట నువ్వు కూర్చోలేవా? పొయ్యి తాతా!"

పోశాడు. రెండో విడత. జఖార్ పెదాలు నల్లబడ్డాయి.

"మీరు లేస్తే నేనూ లేస్తా కమాండర్."

"నేనెందుకు లేస్తాను? నీకు చేతకాకపోతే చెప్పు, లే."

"నాకేం? హాయిగా ఉంది."

"నాకూ హాయిగానే ఉంది. పొయ్యి!"

మూడో విడత. పై బల్ల మీద ఊపిరి పీలిస్తే ముక్కు లోపల కాలుతుంది. సెవెరిన్ కింద నేలకి దగ్గరగా కూర్చున్నాడు, అయినా కుట్లు వేసిన గుండె డోలు కొడుతోంది. అక్కడ హలీనా ఇప్పుడు గ్లాసులు కడుగుతూ ఉంటుంది. మూడింటి రైలు కోసం పెద్ద బాయిలర్ పెడుతూ ఉంటుంది. ఇంకో చెంబు. ఇంకొకటి.

"గ్రీకులు నాలుగు కూర్చునేవాళ్ళు," అన్నాడు.

"పొ... పొయ్యి," అన్నాడు క్రుజీలిన్.

నాలుగోదానికి జఖార్ ఏదో చెప్పబోయి, బల్ల మీంచి మూటలా కింద పడ్డాడు. క్రుజీలిన్ గెలిచానన్నట్టు పళ్ళు చూపించి లేవబోయాడు. కాళ్ళు లేవలేదు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. ఇంగా.

"ఒకటీ పావు! వ్యాన్ ఇంకా కదల్లేదేంటి?"

క్రుజీలిన్ గోడ పట్టుకుని ఆమెని చూశాడు. బొచ్చు కోటు వంక చూశాడు. సగం స్పృహలో ఉన్నా ఆ బుర్రలో ఒక్కటి మాత్రం చావలేదు, అనుమానం.

"వ్యాన్... సంగతి... నీకెవరు చెప్పారు?"

ఇంగా ఒక అడుగు వెనక్కి వేసింది.

"గార్డ్స్! దీన్ని... పట్టుకోండి!" అని, కమాండర్ బోర్లా పడ్డాడు.

గార్డులిద్దరూ వచ్చి ఇంగా రెక్కలు విరిచిపట్టారు.

"జఖార్ చచ్చేలా ఉన్నాడు!" అరిచాడు సెవెరిన్. "గుండె ఆగిపోతోంది. కమాండర్ మీద చన్నీళ్ళు పొయ్యండి, లేస్తాడు. వీణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. బండేది?"

"రొట్టెల వ్యానొక్కటే ఉంది తాతా."

"అదే చాలు. ఎత్తండి!" అన్నాడు సెవెరిన్, బట్టలు తొడుక్కుంటూనే.

"వాణ్ణి పోనివ్వకండి! వాడు గూఢచారి! ఆ వ్యాన్‌లో బాంబుంది!" అని కేకేసింది ఇంగా.

లావుపాటి గార్డు పకపకా నవ్వాడు. "రొట్టెల్లో బాంబా? కమాండర్ నిన్ను పట్టుకోమన్నాడు. నువ్వు చెప్పింది వినమనలేదు."

ఆవిరిలో కూర్చున్నవాళ్ళకి తప్ప వ్యాన్‌లో ఏముందో ఎవరికీ తెలియదు. క్రుజీలిన్ పెట్టిన రూలే అది. వాడి సొంత గార్డులే జఖార్‌ని దుప్పట్లో చుట్టి ముందు సీట్లో కూలేశారు, గేటు తెరిచారు, సలాం కొట్టారు.

*

రెండుకి నాలుగు నిమిషాలుండగా చెక్‌పోస్టు. అమ్ముడుపోయిన ఆఫీసరు వ్యాన్ నంబర్ చూసి, సెవెరిన్ మొహం చూసి కంగారుపడ్డాడు.

"జఖార్ ఏడి?"

"ఇదుగో. తాగి పడున్నాడు."

"పనికిమాలిన వెధవ. పో, పో!"

దాటేశాడు. ఇంకో పది కిలోమీటర్లు పోతే పాత క్వారీ. అక్కడ వదిలేసి పరిగెత్తడమే అనుకున్నాడు. మలుపు తిరిగాడు.

ముందు పన్నెండు బస్సులు. మనవాళ్ళ రెండో తనిఖీ దగ్గర ఆగిపోయి ఉన్నాయి. అన్నింట్లోనూ ఇళ్ళొదిలి వచ్చినవాళ్ళు, బుట్టల్లో పిల్లులు, ఒళ్ళో పసిపిల్లలు. బ్రేక్ వేసేలోపు వెనక ఇంకో రెండు బస్సులు వచ్చి ఆనుకున్నాయి. రోడ్డుకి రెండు పక్కలా మంచులో బోర్డులు, మందుపాతర్లు ఉన్నాయని. వ్యాన్ కదలదు. బాంబని అరిస్తే జనం ఆ మందుపాతర్ల మీదకే పరిగెడతారు. క్యూ అంగుళం అంగుళం జరిగి ఆగింది. రెండూ నలభై ఎనిమిది.

చలిగాలికి జఖార్ కళ్ళు తెరిచాడు. బస్సులు చూశాడు, గడియారం చూశాడు.

"ఎవడ్రా నువ్వు?"

"ఆవిరి మేస్త్రీని. బాంబు నువ్వే కట్టావు, నువ్వే విప్పు."

"విప్పను. చస్తే చద్దాం. నా జాతి కోసం చస్తా."

"సరే." సెవెరిన్ తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. "కూర్చుందాం. ముందెవరు లేస్తారో చూద్దాం."

రెండూ యాభై. యాభై రెండు. జఖార్ మొండిగా ఎదురుగా చూస్తున్నాడు. దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు. సెవెరిన్ చొక్కా లోపల చెమట ధార కట్టింది. పక్క బస్సులో ఒక పిల్ల అద్దం మీద ఊపిరి వదిలి బొమ్మ గీస్తోంది.

యాభై నాలుగు.

"జఖార్," అన్నాడు సెవెరిన్ మెల్లగా. "కమాండర్ ఇక్కడ లేడు. ఎవడు చూస్తున్నాడని కూర్చున్నావ్?"

జఖార్ పక్కకి చూశాడు. నిజమే. ఎవడూ లేడు.

ఒక బూతు మాట అని, ఒక్క ఉదుటున లేచి, సీటు వెనక కన్నంలోంచి సామాను గదిలోకి దూకాడు. రొట్టెల ట్రేలు ఎగిరిపడ్డాయి. సెవెరిన్ టార్చ్ పట్టుకున్నాడు. దుప్పటి ఎప్పుడో జారిపోయింది. జఖార్ పళ్ళతో టేపు చింపుతున్నాడు, వేళ్ళు కొంకర్లు పోయి వైరు పట్టు తప్పుతోంది.

"ఎరుపా? నీలమా?"

"నోర్ముయ్! రెండూ నలుపే!"

యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. చేతి గడియారంలో ముల్లు ఆఖరి చుట్టు మొదలెట్టింది. నలభై. యాభై. యాభై ఐదు...

టక్.

మరేమీ కాలేదు. అంత అందమైన ఏమీకాకపోవడం సెవెరిన్ జన్మలో చూడలేదు.

అప్పుడు వెనక తలుపు ఎవరో తట్టారు. తెరిచాడు. శాలువా కప్పుకున్న ఒక ముసలమ్మ. ఆమె రొట్టెల్ని చూసింది, రొట్టెల మధ్య దిగంబరంగా కూర్చుని ఏడుస్తున్న జఖార్‌ని చూసింది, శిలువ గుర్తు వేసుకుంది.

"వేడివేనా నాయనా?" అంది.

"ఇప్పుడు చల్లారిపోయాయమ్మా," అన్నాడు సెవెరిన్. "అన్నీ పట్టుకెళ్ళు. బస్సులో పంచిపెట్టు."

మూడింటి రైలు ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వెర్బోవెలో ఆగింది. హలీనా టీ అయిపోయిందని, ఇంకో బాయిలర్ పెట్టింది.

ఇంగా మాత్రం ఆ సాయంత్రమే తప్పించుకుంది. కాపలా ఉన్న లావుపాటివాడు ఆమెని నమ్మాడట. క్రుజీలిన్ బతికాడు. లేవగానే దళానికి మొదటి ఆర్డర్ వేశాడు: ఇకమీదట ఎవరూ, ఏ కారణం మీదా, ఆవిరిగదిలో గానీ మరెక్కడ గానీ స్నానం చెయ్యరాదు. వాళ్ళు తు.చ. తప్పకుండా పాటించారు. ఏప్రిల్‌కల్లా ఆ దళం ఏ పొదలో నక్కిందో కనుక్కోవడానికి కర్నల్ దోరొష్‌కి గూఢచారుల అవసరం లేకపోయింది. గాలి ఇటు తిరిగితే చాలు.